బెంగళూరులో కీటకశాస్త్రం పీజీ: సీటు దగ్గర నుంచి థీసిస్ దాకా

కీటకశాస్త్రంలో ఎంఎస్సీ అంటే కాగితం మీద రెండేళ్లు. పొలంలో చేసే పనికి అందులో నికరంగా మిగిలేది ఒక ఖరీఫ్, ఒక రబీ. కౌన్సెలింగ్ ముగిసి తరగతులు మొదలయ్యేసరికే చాలా ఏళ్లలో మొదటి ఖరీఫ్ గడిచిపోతుంది. రెండో ఖరీఫ్‌కి విత్తనం పడే వేళకు పరిశోధన ప్రణాళిక చేతిలో ఉండాలి, గైడ్ సంతకం అయ్యుండాలి, ల్యాబ్‌లో పురుగుల కల్చర్ (ప్రయోగాల కోసం తరం వెనక తరం పెంచే పురుగులు) నడుస్తుండాలి. ఈ మూడింట్లో ఏది ఆలస్యమైనా డిగ్రీ ఆరు నెలలు వెనక్కి జరుగుతుంది. ఈ మార్గదర్శిలో ప్రతి మెట్టునూ ఆ లెక్కతోనే చెబుతున్నాం. బాపట్ల, తిరుపతి, రాజేంద్రనగర్, అశ్వారావుపేటల్లో బీఎస్సీ అగ్రికల్చర్ ముగిస్తున్నవాళ్లూ, జువాలజీ చదివి పురుగుల మీద మనసుపడినవాళ్లూ ఇద్దరూ దృష్టిలో ఉన్నారు.

మీది ఏ దారి?

బీఎస్సీ అగ్రికల్చర్ లేదా హార్టికల్చర్ చదివితే వ్యవసాయ కీటకశాస్త్రం మీకు నేరుగా తెరిచి ఉంటుంది. బెంగళూరులో అది వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, అంటే జీకేవీకే ప్రాంగణంలో ఉంది. సెరికల్చర్ చదివినవాళ్లకూ అక్కడ వేరే విభాగం ఉంది.

మూడేళ్ల బీఎస్సీ జువాలజీ వాళ్లకు వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఎంఎస్సీ ఎంటమాలజీ సాధారణంగా కుదరదు. నాలుగేళ్ల వ్యవసాయ డిగ్రీ అడుగుతారు. ఈ సంగతి దరఖాస్తు రుసుము కట్టాక తెలుసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాగని దారి మూసుకుపోలేదు. ఎంఎస్సీ జువాలజీలో కీటకశాస్త్రం ప్రత్యేకాంశంగా తీసుకోవచ్చు. దోమలు, వ్యాధి వాహకాల మీద ఆసక్తి ఉంటే పుదుచ్చేరిలోని వ్యాధి వాహకాల నియంత్రణ పరిశోధన కేంద్రం, అంటే వీసీఆర్‌సీలో పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ ఎంఎస్సీ ఉంది. చెన్నై లయోలా కళాశాలలో టి.ఎన్. అనంతకృష్ణన్ నెలకొల్పిన కీటక పరిశోధన సంస్థ జువాలజీ నేపథ్యం ఉన్నవాళ్లకు పాత చిరునామా. పురుగుల ప్రవర్తన, జీవావరణం చదవాలనుంటే గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ పేపరు గానీ, సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ గానీ రాసి బెంగళూరులోనే పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు.

బెంగళూరులో ఎవరి దగ్గర ఏముంది

బళ్లారి రోడ్డు పొడవునా ఉన్న సంస్థల వల్లే ఈ ఊరు కీటకశాస్త్రానికి ఇంత అనుకూలం. జీకేవీకే కీటకశాస్త్ర విభాగానికి వర్గీకరణలో పెద్ద పేరుంది. సి.ఎ. విరక్తమఠ్ దీపపు పురుగులు, పచ్చదోమల కుటుంబం మీద చేసిన పని ప్రపంచమంతా వాడుతుంది. అక్కడి మ్యూజియం ఆ కృషి మీదే నిలబడింది. హెబ్బాళ దగ్గరి ఎన్‌బీఏఐఆర్ జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ. పంటకు చేటు చేసే పురుగులను చంపే మిత్ర పురుగుల కల్చర్లు, జాతీయ స్థాయి నమూనాల సేకరణ అక్కడున్నాయి. అది తనంతట తాను డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయం కాదు. అయినా విశ్వవిద్యాలయ విద్యార్థులు అక్కడి శాస్త్రవేత్తను తమ థీసిస్ సలహా సంఘంలో సభ్యుడిగా పెట్టుకోవడం మామూలే. కూరగాయలు, మామిడి, పూల తోటల పురుగులైతే హేసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్.

ఇంకోవైపు జీకేవీకే ఆవరణలోనే జాతీయ జీవశాస్త్రాల కేంద్రం ఎన్‌సీబీఎస్ ఉంది, కాస్త దూరంలో భారతీయ విజ్ఞాన సంస్థ జీవావరణ శాస్త్ర కేంద్రం ఉంది. రోపాలిడియా మార్జినేటా అనే కందిరీగ సంఘజీవనాన్ని రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాల పాటు పరిశోధించింది ఈ కేంద్రంలోనే. పరిరక్షణ వైపు మొగ్గు ఉంటే ఏట్రీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ. వీటిలో రైతు పంట కంటే పురుగే ప్రశ్నకు కేంద్రం. మీకు ఏది కావాలో ఇక్కడే తేల్చుకోండి. పంట కాపాడాలన్న తపనతో జీవావరణ ల్యాబ్‌లో చేరినవాళ్లు, పురుగు ప్రవర్తన చూడాలనుకుని మందుల సామర్థ్య ప్రయోగంలో ఇరుక్కున్నవాళ్లు రెండో ఏడాదికే నీరసపడతారు.

ప్రవేశ పరీక్ష

కర్ణాటక బయటివాళ్లు జీకేవీకేలో చేరడానికి మామూలు మార్గం భారత వ్యవసాయ పరిశోధన మండలి, అంటే ఐసీఏఆర్ అఖిల భారత పీజీ పరీక్ష. జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ దీన్ని కంప్యూటర్ మీద నిర్వహిస్తుంది. ఇటీవలి నమూనాలో 120 ప్రశ్నలు, రెండు గంటలు, సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. ఎంటమాలజీ, నెమటాలజీ (నెమటోడ్లు అనే నులిపురుగుల శాస్త్రం) కలిపి ఒకే గ్రూపు. ఫారం నింపేటప్పుడు గ్రూపు తప్పుగా ఎంచుకుంటే ఆ ఏడాదికి ఎంటమాలజీ లేనట్టే. మీరు చదివిన కాలేజీకి ఐసీఏఆర్ గుర్తింపు ఉందో లేదో కూడా ముందే చూసుకోండి.

చదవడంలో ఒక తప్పు చాలామందిలో కనబడుతుంది. పంటల వారీగా పురుగులు, మందులు, మోతాదులు బట్టీపట్టి, స్వరూప శాస్త్రాన్ని వదిలేస్తారు. నోటి భాగాల రకాలు, రెక్కల ఈనెల పేర్లు, స్పర్శశృంగాల రకాలు, గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా మార్పులు, వర్గాల గుర్తింపు లక్షణాలు మారని విషయాలు. ఒకసారి బొమ్మ గీసి నేర్చుకుంటే మళ్లీ మర్చిపోరు. రోజుకొక వర్గం చొప్పున నోట్సు రాయకుండా బొమ్మలే గీయండి. నెమటోడ్లకు కనీసం పది రోజులు కేటాయించండి. మన కోర్సుల్లో వాటిని పైపైన చెప్పి వదిలేస్తారు కాబట్టి పోటీదారులు కూడా అక్కడే బలహీనం.

గైడ్‌ను ఎంచుకోవడం

సీటు వచ్చాక విభాగం కేటాయించేదాకా కూర్చోకండి. చేరిన మొదటి నెలలోనే ముగ్గురు నలుగురు ఆచార్యుల ఇటీవలి పరిశోధన పత్రాలు చదివి, వెళ్లి కలవండి. పీహెచ్‌డీకైతే ఆరు నెలల ముందు మెయిల్ రాయాలి. మెయిల్ పది వాక్యాలు దాటకూడదు. మీ డిగ్రీ, మీరు చేతులతో చేసిన పని, వారి ఫలానా పత్రంలో మీకు ఆసక్తి కలిగించిన ఒక విషయం, మీ ప్రశ్న, ఎప్పుడు కలవవచ్చు, ఇంతే. "మీ పరిశోధన నాకెంతో స్ఫూర్తి" అన్న వాక్యం ఒక్కదానితో పదిమందికి ఒకే మెయిల్ పంపితే ఎవరూ జవాబివ్వరు.

కలిసినప్పుడు నాలుగు సంగతులు అడగండి. ల్యాబ్‌లో ఇప్పుడు నడుస్తున్న కల్చర్లు ఏమిటి, ప్రాజెక్టు నిధులు మీ థీసిస్ ముగిసేదాకా ఉంటాయా, గత విద్యార్థులు ఎన్నాళ్లకు సమర్పించారు, నమూనాలు గుర్తించేది ఎవరు. నాలుగోది అందరూ మరచిపోతారు. పరాన్నజీవి కందిరీగలను గుర్తించే నిపుణుడు దొరక్క ఏడాది డేటా పేరులేకుండా మూలపడ్డ సందర్భాలు కొత్త కాదు. గైడ్‌ను అడగడానికి మొహమాటపడే సంగతులు అక్కడి సీనియర్లను అడగండి. మెస్‌లో కూర్చుని పావుగంట మాట్లాడితే చాలా తెలుస్తుంది.

క్రెడిట్లు

ఐసీఏఆర్ ఉమ్మడి పాఠ్యప్రణాళిక ప్రకారం ఎంఎస్సీకి 70 క్రెడిట్లు. అందులో థీసిస్‌కే 30. మిగతాది మేజర్ 20, మైనర్ 8, సపోర్టింగ్ 6, ఉమ్మడి కోర్సులు 5, సెమినార్ 1. మైనర్‌గా ప్లాంట్ పాథాలజీ తీసుకోవడం ఆనవాయితీ, మంచిదే. సపోర్టింగ్‌లో గణాంకశాస్త్రం మొదటి సెమిస్టర్‌లోనే తీసుకోండి. ప్రయోగం వేశాక గణాంకాలు నేర్చుకుంటే ప్రయోగాన్ని సరిచేయలేరు.

సమస్య, పంటకాలం

జనవరి కల్లా అంశం తేలాలి. ఫిబ్రవరి, మార్చిల్లో పరిశోధన రూపరేఖ రాయాలి. ఏప్రిల్ కల్లా సలహా సంఘం సంతకాలు, మే నెలలో పొలం, విత్తనం, కల్చర్ సిద్ధం. ఇక్కడ పంట వర్షాధారం. రాగి జూలై, ఆగస్టుల్లో పడుతుంది. అనుములు, కంది దాని వెంటే. సెప్టెంబర్, అక్టోబర్లలో వానలు ఎక్కువ. మందు కొట్టిన మర్నాడు పెద్ద వాన పడితే అన్ని మడుల్లోనూ పురుగు తగ్గుతుంది, మందు కొట్టని మడిలో కూడా. అందుకే ఆ రెండు నెలల్లో పిచికారీ ప్రయోగం పెట్టుకునేవాళ్లు రోజువారీ వర్షపాతం రాసుకోవాలి, ఒక ప్రత్యామ్నాయ తేదీ చేతిలో ఉంచుకోవాలి.

మంచి సమస్యకు గుర్తు ఒకటుంది. జవాబు ఏదైనా సరే ఎవరికో ఒకరికి పనికిరావాలి. "ఏడు మందుల్లో ఏది మేలు" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు రెండేళ్లలో పాతబడుతుంది. ఒక ఉదాహరణ చూడండి. త్రిప్స్ పార్విస్పైనస్ అనే తామర పురుగు మన దేశంలో తొలిసారి నమోదైంది బెంగళూరులో బొప్పాయి మీద, 2015లో. 2021లో అదే పురుగు ఆంధ్ర, తెలంగాణ మిరప తోటల మీద విరుచుకుపడింది. పూతలో గుంపులుగా చేరి పూలు రాల్చేసింది. మిరపలో మామూలుగా ఆకుల మీద కనిపించే తామర పురుగు అనుకుని పాత పద్ధతిలో మందులు కొట్టిన రైతులు నష్టపోయారు. పురుగు ఏదో సరిగ్గా చెప్పగలగడం, అది పంటలో ఎక్కడ ఎప్పుడు చేరుతుందో తెలియడం, దాన్ని తినే మిత్ర పురుగులేవో పట్టుకోవడం, ఈ మూడూ ఎంఎస్సీ స్థాయిలో చేయగలిగిన పనులు.

పొలం ఎక్కడ దొరుకుతుందన్నది ఇంకో ప్రశ్న. విశ్వవిద్యాలయ క్షేత్రం సౌకర్యమే, కానీ ఏటా మందులు కొట్టే నేలలో మిత్ర పురుగులు తక్కువ. కోలారు టమాటా, శ్రీనివాసపుర మామిడి, చింతామణి, బాగేపల్లి వైపు కూరగాయలు రెండు మూడు గంటల ప్రయాణంలోనే ఉన్నాయి. అక్కడి రైతుల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. మన పిల్లలకు ఇదొక పెద్ద వరం. "అన్నా, పోయిన వారం ఏం మందు కొట్టినారు?" అని సొంత భాషలో అడిగితే వచ్చే జవాబు ప్రశ్నావళిలో రాదు. రైతు మధ్యలో మందు కొడితే మీ లెక్కలు పోతాయి. కాబట్టి ప్రయోగపు వరుసలకు నష్టపరిహారం ముందే మాట్లాడుకుని, రంగు గుడ్డలతో హద్దులు కట్టండి.

పురుగులను పెంచడం

థీసిస్ సగం ఇక్కడే నిలబడుతుంది. కత్తెర పురుగు ఉదాహరణగా తీసుకుందాం. 2018లో మన దేశంలో తొలిసారి బయటపడ్డది కర్ణాటకలోనే, మొక్కజొన్నలో.

పొలం నుంచి గుడ్ల ముద్దలు తెస్తే మేలు. పురుగులు తెస్తే వాటితోపాటు పరాన్నజీవులు, వైరస్ కూడా వస్తాయి. గుడ్లను 0.1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో కాసేపు ముంచి, శుభ్రమైన నీటితో కడిగి ఆరబెట్టండి. 25 నుంచి 27 డిగ్రీలు, 65 నుంచి 70 శాతం తేమ ఉంచితే రెండు మూడు రోజుల్లో పిల్ల పురుగులు వస్తాయి. మొదటి రెండు దశలు లేత మొక్కజొన్న ఆకు మీద గుంపుగా పెంచవచ్చు. మూడో దశ రాగానే ఒక్కొక్కదాన్ని విడిగా చిన్న కప్పులో వేయాలి. లేకపోతే ఒకదాన్నొకటి తినేస్తాయి. సాయంత్రం 50 ఉన్న డబ్బాలో పొద్దున్నకు సగమే మిగలడం మామూలు. ఆహారం శనగపిండి ఆధారంగా తయారుచేసిన కృత్రిమ ఆహారమైతే తాజా ఆకుల కోసం వెతుక్కునే పని తప్పుతుంది. కోశస్థ దశకు తేమ ఇసుక, పెద్ద పురుగులకు 10 శాతం తేనె నీళ్లలో ముంచిన దూది, గుడ్లకు పంజరం లోపల వేలాడదీసిన బటర్ పేపర్. మొత్తం తరం దాదాపు నెల రోజులు.

ఒక రోజు పురుగులు కప్పు మూతకు తలకిందులుగా వేలాడుతూ, ముట్టుకుంటే చిట్లి ద్రవం కారితే అది ఎన్‌పీవీ వైరస్. ఆ కప్పులను తెరవకుండా సంచిలో కట్టి ఆటోక్లేవ్‌కు పంపండి. చేతులు, బల్ల, ఫోర్‌సెప్స్ అన్నీ హైపోక్లోరైట్‌తో తుడిచి, మిగిలిన పురుగులను వేరే గదికి మార్చండి. కల్చర్‌ను ఎప్పుడూ రెండు గదుల్లో విడిగా నడపమని చెప్పేది ఇందుకే. ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది.

ట్రైకోగ్రామా లాంటి గుడ్డు పరాన్నజీవుల మీద పని చేస్తే ముందు బియ్యపు చిమ్మటను, అంటే కార్సైరాను పెంచాలి. ఒక ట్రేకి 2.5 కిలోల నూక సజ్జలు, 100 గ్రాముల వేరుశనగ పొడి, 5 గ్రాముల ఈస్ట్, 5 గ్రాముల నీటిలో కరిగే గంధకం, 0.5 సీసీ గుడ్లు. గంధకం నల్లిని (మైట్) ఆపుతుంది, అది మానేస్తే కల్చర్ పోతుంది. ఇంకో శత్రువు బ్రాకాన్ కందిరీగ. తలుపుకు నైలాన్ దోమతెర బిగించకపోతే సందుల్లోంచి వచ్చి పురుగులను కుట్టిపోతుంది. కార్సైరా గుడ్లను పరాన్నజీవికి ఇచ్చేముందు అతినీలలోహిత దీపం కింద పెట్టి పిండాన్ని చంపాలి. లేకపోతే పొదిగిన కార్సైరా పురుగులే మిగతా గుడ్లను తినేస్తాయి. తొలి కల్చర్ కోసం ఎన్‌బీఏఐఆర్‌కు గైడ్ ద్వారా లేఖ రాసి అడగండి.

సేకరణ, పిన్నులు, చీటీలు

పురుగును ఇథైల్ ఎసిటేట్ ఉన్న సీసాలో చంపాక అదే రోజు పిన్ను గుచ్చాలి, ఎండిపోతే కాళ్లు విరుగుతాయి. పిన్ను 38 మిల్లీమీటర్ల పొడవు, మామూలు పురుగులకు 1 నుంచి 3 నంబర్లు. పెంకు పురుగుకు కుడి ముందురెక్క మొదట్లో గుచ్చండి. పిన్ను కింద నుంచి చూస్తే నడిమి కాలికీ వెనక కాలికీ మధ్య బయటికి రావాలి. కాలి మొదట్లోంచి వస్తే కాలు ఊడుతుంది. నల్లుల జాతి బగ్స్‌కు వీపు త్రికోణపు కుడిపక్కన, ఈగలు, తేనెటీగలకు వక్షం మధ్యగీతకు కొంచెం కుడివైపున. ఎడమపక్క చెక్కుచెదరకుండా ఉండాలన్నదే ఈ కుడిపక్క నియమం వెనకున్న కారణం. పిన్ను పై భాగం మూడో వంతు ఖాళీగా ఉంచితేనే పట్టుకోవడానికి చోటుంటుంది. పిన్ను పట్టని చిన్న పురుగులను కోసుగా కత్తిరించిన కార్డు ముక్క కొనకు, వక్షం కుడిపక్క తగిలేట్టు చుక్క జిగురుతో అంటించండి. జిగురు ఎక్కువైతే గుర్తింపు లక్షణాలు దాని కింద మునిగిపోతాయి.

తామర పురుగులకు పిన్నూ వద్దు, ఉత్త ఆల్కహాలూ వద్దు. 60 శాతం ఆల్కహాల్ పది భాగాలు, గ్లిజరిన్ ఒక భాగం, ఎసిటిక్ ఆమ్లం ఒక భాగం కలిపిన ద్రవంలోకి పువ్వును దులపండి. శరీరం బిగుసుకోకుండా ఉంటుంది, స్లైడు చేసేటప్పుడు రెక్కలు విప్పుకుంటాయి. డీఎన్‌ఏ తీయాల్సిన నమూనాలు మాత్రం 95 శాతం పైన ఇథనాల్‌లో, మైనస్ 20 డిగ్రీల్లో. ఫార్మాలిన్‌లో వేసిన పురుగు బార్‌కోడింగ్‌కు పనికిరాదు.

చీటీ లేని పురుగు శాస్త్రానికి లేనట్టే. రాష్ట్రం, జిల్లా, ఊరు, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, పట్టిన పద్ధతి, పట్టినవారి పేరు మొదటి చీటీలో. ఏ మొక్క మీద దొరికిందో రెండో చీటీలో. నెలను రోమన్ అంకెల్లో రాస్తే తేదీ, నెల తారుమారు కావు. చెరగని సిరాతోనే రాయాలి. బెంగళూరు వానాకాలపు చెమ్మకు పెట్టెల్లో బూజు పడుతుంది. పెట్టెల్లోకి చేర్చేముందు నమూనాలను 40 డిగ్రీల వేడి పెట్టెలో ఆరబెట్టి, ఆ తర్వాత వారం పాటు ఫ్రీజర్‌లో ఉంచితే మ్యూజియం పురుగుల గుడ్లు కూడా చస్తాయి. నాఫ్తలీన్ కొత్త వాటిని రాకుండా ఆపుతుంది, లోపలున్న వాటిని చంపదు.

అడవిలో సేకరణకు కర్ణాటక అటవీశాఖ అనుమతి తప్పనిసరి. దరఖాస్తుకు నెలలు పట్టవచ్చు కాబట్టి రూపరేఖ ఆమోదం పొందిన వారంలోనే పెట్టండి. విదేశీ నిపుణుడికి నమూనాలు పంపే ముందు జీవవైవిధ్య చట్టం నిబంధనలు చూడాలి. జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ చెన్నైలో ఉంది.

లెక్కలు

పొలం ప్రయోగంలో దోషానికి స్వేచ్ఛా స్థాయి (ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్: చికిత్సల్లో ఒకటి తీసేసి, పునరావృతాల్లో ఒకటి తీసేసి గుణిస్తే వచ్చే సంఖ్య) 12కు తగ్గకూడదు. ఏడు చికిత్సలకు మూడు పునరావృతాలు వేస్తే సరిగ్గా 12 వస్తుంది, ఐదు చికిత్సలకు నాలుగు పునరావృతాలు కావాలి. మందుకు ఒక రోజు ముందు, తర్వాత 1, 3, 7, 14 రోజులకు లెక్కించండి. లెక్కించే మొక్కలను చీటీలు తీసి ఎంచుకోండి. కంటికి ఆనే మొక్క పురుగు ఎక్కువ పట్టిన మొక్కే అయ్యుంటుంది.

విష పరీక్షల్లో ముందు విస్తృతంగా మోతాదులు వేసి చూసి, తర్వాత 10 నుంచి 90 శాతం మధ్య చావులు వచ్చేట్టు ఐదారు మోతాదులు ఎంచుకోవాలి. మందు లేని పురుగుల్లో చావు 5 నుంచి 20 శాతం మధ్య ఉంటే ఆబట్ సూత్రంతో సరిదిద్దండి. 20 దాటితే ఆ పరీక్ష పారేసి, కల్చర్‌లో జబ్బు ఉందేమో చూడండి. ఎల్‌సీ 50, అంటే సగం పురుగులను చంపే మందు గాఢత ఒక్కటే రాస్తే చాలదు, దాని విశ్వాస అవధులు కూడా ఇవ్వాలి.

రాయడం, ఆపైన

పద్ధతుల అధ్యాయం ప్రయోగం జరుగుతున్నప్పుడే రాయండి. మందు సూత్రీకరణ, లీటరుకు ఎంత, ఏ నాజిల్ అన్నవి ఏడాది తర్వాత గుర్తుండవు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు, అయినా సాహిత్య సమీక్షను సొంత మాటల్లోనే రాయండి.

పీహెచ్‌డీకి ఐసీఏఆర్ వేరే పరీక్ష పెడుతుంది. జీవావరణం వైపు వెళ్లేవాళ్లకు సీఎస్‌ఐఆర్ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, ఆపైన ఎస్‌ఆర్‌ఎఫ్‌కు (సీనియర్ ఫెలోషిప్) 42,000. అధ్యాపక ఉద్యోగాల కోసం వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి ఏఎస్‌ఆర్‌బీ పెట్టే నెట్‌లో వ్యవసాయ కీటకశాస్త్రం రాయాలి. దాన్ని థీసిస్ సమర్పించిన నెలల్లోనే రాస్తే మేలు, పాఠాలు అప్పటికి చేతిలో ఉంటాయి. థీసిస్ కాపీ గ్రంథాలయానికి ఇచ్చే రోజునే నమూనాల పెట్టెను విభాగం మ్యూజియంలో అప్పజెప్పి, అక్కడ ఇచ్చే నమోదు సంఖ్యలను పత్రంలో చేర్చండి. మీ పురుగు పేరు మీద రేపు ఎవరికైనా సందేహం వస్తే తెరిచి చూసేది ఆ పెట్టెనే.